పినాంగ్ తిండి యాత్రకు బయల్దేరే ముందు

మలేసియాలోని పినాంగ్ కౌలాలంపూర్ నుంచి దాదాపు 350 కిలోమీటర్లు. శనివారం తెల్లవారుజామున ఐదింటికల్లా బండి తీయండి, లేదంటే వీకెండ్ రద్దీలో ఇరుక్కుంటారు.

• టోల్ కట్టే టచ్ ఎన్ గో కార్డులో ముందు రోజే డబ్బులు వేయించండి. హైవే టోల్ గేట్ల దగ్గర నోట్లు తీసుకోరు. తిండి బండ్ల దగ్గరికి మాత్రం 5, 10 రింగిట్ల నోట్లు ఉంచుకోండి.

• చార్ కొయ్ తియో అనే వేయించిన బియ్యపు నూడుల్స్‌ను చాలాచోట్ల పంది కొవ్వులోనే వేయిస్తారు. తినని వాళ్లు ముందే అడగాలి. అందులో వేసే కెరాంగ్ అనే చిన్న గుల్లలు ఒక్కోసారి లోపల ఎర్రగా, సగం పచ్చిగానే ఉంటాయి. నేనైతే "తక్ మావు కెరాంగ్" అనేస్తాను, అంటే గుల్లలు వద్దని. కడుపు పాడైతే ఆదివారం మొత్తం పోయినట్టే.

• అసం లక్సా అనే పుల్లటి నూడుల్స్ సూప్‌లో పులుసు చేపలతో కాస్తారు. శాకాహారి ఫ్రెండ్ ఉంటే పైన ముక్కలు తీసేస్తే సరిపోదు.

• ఒక్కో ప్లేటు ఇద్దరూ పంచుకోండి. మొదటి బండి దగ్గరే కడుపు నింపేస్తే చెందోల్ అనే కొబ్బరిపాల చల్లటి తీపి వంటకానికి చోటుండదు, దాని కోసమే కదా వెళ్లేది!

• తిరుగు ప్రయాణంలో, భోజనం అయ్యాక నిద్ర ముంచుకొస్తుంది. దారిలో వచ్చే ఈపో ఊరి దగ్గర ఆగి వైట్ కాఫీ తాగి, స్టీరింగ్ ఫ్రెండ్‌కివ్వండి. లైసెన్స్ తెచ్చుకున్నాడో లేదో ఇంటి దగ్గరే చూడండి.