కౌంటీ మీడియన్ ఇంటి ఆదాయం లెక్క తేల్చేదెలా

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. రెండు కౌంటీల మీడియన్లను కూడి రెండుతో భాగిస్తే వచ్చేది మీడియన్ కాదు. ఈ మాట ముందే ఎందుకంటే, మొదట్లో నేను చేసింది అదే. ఎక్సెల్‌లో యావరేజ్ కొట్టి పంపేశాక "ఇదెక్కడి లెక్క?" అని ఒకరు అడిగితే నోట మాట రాలేదు.

కౌంటీలోని ఇళ్లన్నిటినీ ఆదాయం ప్రకారం వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో వచ్చే ఇంటి ఆదాయమే మీడియన్. ఇక్కడ ఇల్లంటే రక్త సంబంధం ఉన్నవాళ్లే కానక్కర్లేదు, ఒంటరిగా ఉండేవాళ్లూ, అద్దె పంచుకునే రూమ్మేట్లూ ఒక ఇంటి కిందే లెక్క. అందుకే అమెరికా జనగణన సంస్థ సెన్సస్ బ్యూరో సైట్‌లో మీకు కావాల్సిన టేబుల్ బి19013. దాన్నే పోలిన బి19113 ఫ్యామిలీలది, అందులో అంకెలు మామూలుగా ఎక్కువే ఉంటాయి, ఇదనుకుని అది దించుకునేవాళ్లు చాలామంది.

తర్వాత ఏ డేటా అన్నది. ఆ బ్యూరో నడిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వే, అంటే ఏసీఎస్, ఏడాది అంచనాలను 65,000 లేదా అంతకు మించి జనాభా ఉన్న చోట్లకే ఇస్తుంది. దేశంలో 3,100కి పైగా కౌంటీలుంటే ఎక్కువ శాతం ఈ గీతకు కిందే ఉన్నాయి, 2020 జనగణనలో టెక్సస్‌లోని లవింగ్ కౌంటీలో తేలింది 64 మందే! ఇలాంటివాటికి ఏసీఎస్‌లో ఐదేళ్ల అంచనాలే దిక్కు: 60 నెలల సర్వే జవాబులన్నీ ఒకచోట పోసి, చివరి ఏడాది డాలర్లలోకి మార్చి ఇస్తారు. అంటే 2019-2023 అంకె 2023 ఒక్క ఏడాదిది కాదు. చిన్న కౌంటీకి ఒక్క ఏడాది అంకె కావాలంటే అదే బ్యూరో ఇచ్చే ఎస్‌ఏఐపీఈ చూడండి, ఏసీఎస్ సర్వేకి పన్ను రిటర్నుల వంటి రికార్డులు జోడించి మోడల్‌తో తీసే అంచనాలవి. కౌంటీలన్నిటినీ ఒకే ఏడాదికి పక్కపక్కన పెట్టాలంటే నేనైతే దీన్నే తీసుకుంటాను.

ఇక కొన్ని కౌంటీలను కలిపి ఒక ప్రాంతంగా చూడాలనుకోండి. అప్పుడు బి19001 తీయండి, ఇందులో ఇళ్లు 16 ఆదాయ శ్రేణుల్లో లెక్కపెట్టి ఉంటాయి. కౌంటీల అంకెలను శ్రేణివారీగా కూడండి. ఉదాహరణకి మొత్తం 4,000 ఇళ్లు వచ్చాయనుకుందాం, మధ్య స్థానం 2,000. 60,000 డాలర్ల లోపు ఇళ్లు 1,850, ఆపై 60,000-75,000 శ్రేణిలో 500. మనకు ఆ శ్రేణిలో ఇంకో 150 ఇళ్లు దాటాలి, 150ని 500తో భాగిస్తే 0.3, శ్రేణి వెడల్పు 15,000తో గుణిస్తే 4,500. మీడియన్ సుమారు 64,500 డాలర్లు. శ్రేణిలో ఇళ్లు సమానంగా పరుచుకుని ఉన్నాయని మనం అనుకుంటున్నాం కాబట్టి "సుమారు" అన్న మాట తీసేయకండి.

అంకె పక్కన ఉండే మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌ని, అంటే అంచనా అటూ ఇటూ ఎంత తప్పొచ్చో చెప్పేదాన్ని, చాలామంది కాలమ్‌తో సహా డిలీట్ చేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఏసీఎస్‌లో అది 90 శాతం నమ్మకానికి ఇచ్చినది, 1.645తో భాగిస్తే స్టాండర్డ్ ఎర్రర్ వస్తుంది. ఒక కౌంటీ 58,000, మార్జిన్ 6,580; ఇంకోటి 64,000, మార్జిన్ 4,935 అనుకోండి. స్టాండర్డ్ ఎర్రర్లు 4,000, 3,000. వాటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 5,000. తేడా 6,000ని దాంతో భాగిస్తే 1.2, అది 1.645 దాటలేదు. అంటే రెండో కౌంటీ ఆదాయం ఎక్కువని ఈ డేటాతో గట్టిగా చెప్పలేం, హెడ్డింగ్ ఎంత బాగున్నా సరే.

ఫైల్ దించాక రెండు చూసుకోండి. ఎక్సెల్ కౌంటీ కోడ్ ముందు సున్నా మింగేస్తుంది, అలబామాలోని అటాగా కౌంటీ 01001 కాస్తా 1001 అయిపోయి ఇంకో టేబుల్‌తో జత కుదరదు, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా తెరవండి. ఏపీఐతో, అంటే ప్రోగ్రామ్ ద్వారా నేరుగా డేటా లాగితే కొన్నిచోట్ల -666666666 అని కనిపిస్తుంది, కంగారు పడకండి, ఎవరూ అంత అప్పుల్లో లేరు, అంచనా కట్టలేకపోయామని చెప్పే కోడ్ అది. ఖాళీగా మార్చి పక్కన పెట్టండి.

కాలంతో పోల్చేటప్పుడు 2018-2022ని 2019-2023తో పెట్టకండి, నాలుగేళ్లు రెండిట్లోనూ ఉన్నాయి. 2014-2018ని 2019-2023తో పెట్టండి, పాతదాన్ని ద్రవ్యోల్బణం సర్ది 2023 డాలర్లలోకి తెచ్చాకే. కనెక్టికట్ రాష్ట్రానికి మాత్రం ఇది కూడా నేరుగా కుదరదు, 2022 ఏసీఎస్ నుంచి అక్కడ పాత 8 కౌంటీల బదులు 9 ప్లానింగ్ రీజియన్లు వస్తున్నాయి, హద్దులు కలవవు.