విద్యార్థుల్లో మద్యపానంపై అవగాహన కార్యక్రమం నడపడం ఎలా?

కళాశాలల్లో మద్యంపై అవగాహన అనగానే సాధారణంగా జరిగేది ఒక ర్యాలీ, ఒక ప్రతిజ్ఞ, చెడిపోయిన కాలేయం బొమ్మతో నాలుగు పోస్టర్లు. పంతొమ్మిదేళ్ల కుర్రవాడికి నలభయ్యో ఏట రాబోయే జబ్బు గురించి చెబితే అది ఎవరి కథో అన్నట్టు వింటాడు. అతనికి పనికొచ్చేది ఈ శనివారం రాత్రి హాస్టల్ గదిలో ఏం జరగవచ్చో, జరిగితే ఏం చేయాలో తెలియజేసే సమాచారం. కార్యక్రమాన్ని ఆ గదిని దృష్టిలో పెట్టుకుని రూపొందించాలి. కొత్త బ్యాచ్ చేరిన తొలి వారాల్లోనే దీన్ని నడపడం మంచిది, ఎందుకంటే కొత్త స్నేహాల కోసం తొలి గ్లాసు పట్టుకునేది ఎక్కువగా అప్పుడే.

ముందుగా పేరు రాయనక్కరలేని ఒక చిన్న సర్వే చేయండి. అందులో రెండు ప్రశ్నలు ముఖ్యం: గడచిన 30 రోజుల్లో మీరు ఎన్ని రోజులు మద్యం తీసుకున్నారు? మన కళాశాలలో మామూలు విద్యార్థి ఎన్ని రోజులు తీసుకుని ఉంటాడని మీ అంచనా? రెండో జవాబు చాలాచోట్ల మొదటిదానికంటే బాగా ఎక్కువగా వస్తుంది. అమెరికాలో వెస్లీ పెర్కిన్స్, అలన్ బెర్కోవిట్జ్ 1986లో వెలువరించిన అధ్యయనం కూడా, తోటివారు తాగుడును నిజంగా ఎంత ఆమోదిస్తారో అంతకంటే ఎక్కువగా ఆమోదిస్తారని విద్యార్థులు ఊహించుకుంటున్నట్టు చూపింది. తాగి కారిడార్‌లో గొడవ చేసిన ఇద్దరూ అందరికీ గుర్తుంటారు. తలుపు వేసుకుని పడుకున్న ఇరవై మంది ఎవరి కంటా పడరు. ‘అందరూ తాగుతున్నారు’ అనే ఈ భ్రమే కొత్తవారి మీద అసలు ఒత్తిడి కాబట్టి, సర్వేలో తేలిన అంకెను వాళ్లకు చూపించాలి. ఫలితం మీరు ఆశించినట్టు రాకపోతే మాత్రం దాన్ని దిద్దకండి, ఒక్క అబద్ధపు అంకె బయటపడితే మిగతా మాటలు ఎవరూ నమ్మరు. సర్వే కాగితాలను తరగతి ఉపాధ్యాయుడు సేకరించకూడదు. శాఖ, సంవత్సరం, లింగం మూడూ అడిగితే చిన్న బ్యాచ్‌లో మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుంది, కనుక ఆ వివరాలు అడగకండి.

ఇక సభలో ఉపన్యాసానికి బదులు ఒక బల్ల వేయండి. దాని మీద రకరకాల గ్లాసులు, ఒక జగ్గు నిండా రంగు నీళ్లు, మిల్లీలీటర్ల గీతలున్న ఒక కొలపాత్ర పెట్టి, ముందుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ ‘30 మి.లీ. పెగ్గు ఒకటి పోయండి’ అని అడగండి. పోసినదాన్ని వెంటనే అందరి ఎదుట కొలపాత్రలో ఒంపితే గీత 50 దగ్గరో 60 దగ్గరో నిలవడం, పోసిన మనిషి నవ్వుతూ తల గోక్కోవడం మీరు చూస్తారు. వెడల్పాటి గ్లాసులో మట్టం కిందికి కనిపిస్తుంది, చెయ్యి ఆగదు.

ఆ నవ్వుల మధ్యే లెక్క చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక ప్రామాణిక డ్రింకు అంటే 10 గ్రాముల శుద్ధమైన ఆల్కహాల్. 40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీ 30 మి.లీ.లో సుమారు 9.5 గ్రాములు ఉంటే, 5 శాతం బీరు 330 మి.లీ. క్యాన్‌లో 13 గ్రాములు ఉంటాయి. ‘బీరే కదా’ అనే మాట ఇక్కడ తేలిపోతుంది. కాలేయం గంటకు దాదాపు 7 నుంచి 10 గ్రాములను మాత్రమే వదిలించగలదు. అంటే 60 మి.లీ. చొప్పున నాలుగు సార్లు విస్కీ తాగినవారిలో 76 గ్రాములు చేరతాయి, అవి పోవడానికి 8 నుంచి 11 గంటలు పడుతుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండుకు ఆపి, నిద్ర లేచి ఏడింటికి బండి తీసే విద్యార్థి రక్తంలో ఇంకా మద్యం ఉండవచ్చు. కాఫీ, చన్నీళ్ల స్నానం ఈ వేగాన్ని పెంచవు. మామూలుగా స్త్రీల శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి అదే మోతాదుకు వాళ్ల రక్తంలో మద్యం ఎక్కువ స్థాయికి చేరుతుంది.

సమయం తక్కువైతే మిగతావన్నీ తగ్గించుకున్నా, ప్రాణాపాయాన్ని గుర్తించడం నేర్పే ఈ ఒక్క భాగాన్ని వదలకండి. కడుపులో మిగిలిన మద్యం తాగడం ఆపిన తర్వాత కూడా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది కాబట్టి, ‘పడుకోబెడితే దిగిపోతుంది’ అనే నమ్మకం ప్రాణం తీయగలదు. పిలిచినా గిల్లినా లేవకపోవడం, మగతలోనే వాంతి చేసుకోవడం, ఒళ్లు చల్లబడటం, పెదవులు లేదా గోళ్లు నీలంగా మారడం, మూర్ఛ రావడం, ఊపిరి నిమిషానికి ఎనిమిదికంటే తక్కువ సార్లు ఆడటం, రెండు ఊపిరుల మధ్య పది సెకన్లు దాటడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అంబులెన్స్ పిలవాలి, మిగతా లక్షణాల కోసం ఎదురుచూడకూడదు.

అంబులెన్స్ వచ్చేలోగా చేయవలసినది ఒక విద్యార్థిని నేల మీద పడుకోబెట్టి చేసి చూపండి. అతన్ని పక్కకు తిప్పి, పైనున్న మోకాలిని ముందుకు మడిచి, పైచేతిని చెంప కింద ఆనించి, ఊపిరి దారి తెరుచుకునేలా తలను కొద్దిగా వెనక్కి వంచాలి. వెల్లకిలా పడుకున్నవారు వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బలవంతంగా వాంతి చేయించకూడదు, ఏమీ తాగించకూడదు, ఒంటరిగా వదలకూడదు. ఆ తర్వాత విద్యార్థులను జతలుగా విడదీసి, ప్రతి ఒక్కరితోనూ ఒకసారి చేయించండి.

ఇంత నేర్పినా వాళ్లు ఫోన్ చేయకపోవచ్చు, దానికి కారణం సస్పెన్షన్ భయం. ప్రాణాపాయంలో ఉన్న స్నేహితుడి కోసం సహాయం కోరిన వారిపైన గానీ, ఆ స్నేహితుడిపైన గానీ తాగినందుకు చర్య ఉండదని కళాశాల రాతపూర్వకంగా ప్రకటించాలి. అమెరికాలో పలు విశ్వవిద్యాలయాలు ఇలాంటి నియమాన్ని పాటిస్తున్నాయి. ఈ హామీ ఇవ్వలేని యాజమాన్యం అవగాహన పేరుతో పెట్టే ఖర్చు చాలావరకు వృథా అని నా అభిప్రాయం.

‘కొంచెం తాగితే మంచిదట కదా’ అనే ప్రశ్న తప్పక వస్తుంది. ఆరోగ్యానికి సురక్షితమనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించిందని చెప్పి ముందుకు సాగండి.

తన సంగతి తాను తెలుసుకోవాలనుకునే విద్యార్థికి అదే సంస్థ రూపొందించిన, తాగే అలవాటు హానికర స్థాయికి చేరిందో లేదో అంచనా వేసే ‘ఆడిట్’ (AUDIT) ప్రశ్నావళి ఇవ్వవచ్చు. అందులో పది ప్రశ్నలు, గరిష్ఠంగా 40 మార్కులు. 8 లేదా అంతకంటే ఎక్కువ వస్తే కౌన్సెలర్‌తో మాట్లాడటం అవసరం. మార్కులు ఆ విద్యార్థి దగ్గరే ఉండాలి. మాట్లాడే కౌన్సెలర్ తీర్పు చెప్పకుండా, తాగడం వల్ల ఈ నెలలో ఏయే పనులు చెడ్డాయో అతని నోటే చెప్పించాలి. రోజూ ఎక్కువగా తాగే అలవాటు పడినవారిని మాత్రం ‘రేపటి నుంచి మానెయ్’ అని పంపకండి. హఠాత్తుగా మానితే వారికి వణుకు, మూర్ఛ, మతి భ్రమణం రావచ్చు, కనుక వారు డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.

మరుసటి ఏడాది అదే నెలలో అవే ప్రశ్నలతో సర్వే మళ్లీ చేయండి. దానితోపాటు రాత్రివేళ వార్డెన్‌కు సహాయం కోరుతూ వచ్చిన ఫోన్లను కూడా లెక్కపెట్టండి. మొదటి సంవత్సరం ఆ ఫోన్లు పెరిగితే, తాగుడు పెరిగిందని యాజమాన్యం కంగారుపడవచ్చు; అంతకుముందు తలుపులు మూసుకుని దాచిన సంఘటనలే ఇప్పుడు బయటికి వస్తూ ఉండవచ్చని సర్వే అంకెలను ఆ ఫోన్ల లెక్క పక్కనే చూపిస్తూ వారికి వివరించండి.