కుట్టు మిషన్‌తో బటన్లు ఎలా కుట్టాలి?

డ్రెస్ మొత్తం మిషన్ మీద కుట్టి, కాజాలు కూడా మిషన్ మీదే తీసి, బటన్ల దగ్గరకు వచ్చేసరికి చేతి సూది పట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. మిషన్ మీద పెడితే బటన్ పగులుతుందేమో, సూది విరిగి ముక్క ఎగిరి పడుతుందేమో అని వాళ్ళ భయం. నిజమే, సూది బటన్‌కు తగిలితే ఆ రెండూ జరగొచ్చు. అయితే సూది తగలకుండా ముందే చూసుకునే పద్ధతి ఒకటుంది. దానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం ఓపిక పడితే మిషన్ మీద కుట్టిన బటన్ చేతికుట్టుకు ఏమాత్రం తీసిపోదు. వరసగా ఏడెనిమిది బటన్లు కుట్టాల్సిన చొక్కా అయితే ఎంతో సమయం కలిసొస్తుంది కూడా.

ఏ మిషన్ కావాలి, ఏ బటన్లు పనికొస్తాయి?

జిగ్‌జాగ్ కుట్టు వచ్చే మిషన్ ఏదైనా చాలు. బటన్‌కున్న రెండు బెజ్జాల మధ్య సూది ఎడమకూ కుడికీ దూకడమే ఇక్కడ జరిగే పని. సూటి కుట్టు మాత్రమే వేసే మిషన్‌లో సూది పక్కకు కదలదు కాబట్టి దానితో ఈ పద్ధతి కుదరదు.

బటన్ల విషయానికొస్తే, చదునుగా ఉండి రెండు గానీ నాలుగు గానీ బెజ్జాలు ఉన్నవే మిషన్‌కు పనికొస్తాయి. వెనకవైపు చిన్న రింగు ఉండే బటన్లను చేత్తోనే కుట్టుకోవాలి. బాగా మందంగా, పైన గుండ్రంగా ఉబ్బి ఉండే బటన్లు కూడా ఫుట్ కింద, అంటే మిషన్‌లో గుడ్డను పైనుంచి నొక్కిపట్టే భాగం కింద నిలవవు, జారిపోతాయి.

బటన్ సైజు కంటే బెజ్జాల మధ్య దూరం ముఖ్యం. ప్యాకెట్ల మీద కనిపించే 18, 24 లాంటి నంబర్లు బటన్ వెడల్పును చెబుతాయి. ఆ కొలతలో 40 అంటే ఒక అంగుళం. ఆ లెక్కన 18 నంబర్ చొక్కా బటన్ దాదాపు పదకొండున్నర మిల్లీమీటర్లు. బెజ్జాలు ఎంత దూరంలో ఉన్నాయో మాత్రం ఆ నంబర్ చెప్పదు. స్కేలు పెట్టి మీరే కొలుచుకోవాలి. మామూలు చొక్కా బటన్‌కు 3, 4 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. ఇళ్ళలో వాడే చాలా మిషన్లలో జిగ్‌జాగ్ వెడల్పు గరిష్ఠంగా 5 గానీ 7 గానీ మిల్లీమీటర్లు. బెజ్జాల దూరం అంతకు మించితే ఆ బటన్ ఆ మిషన్‌కు అందదు.

ఎక్కడ కుట్టాలో గుర్తు పెట్టడం

ముందు కాజాలు పూర్తిచేసి, తర్వాత వాటిని బట్టి బటన్ల చోటు గుర్తు పెట్టండి. రెండింటికీ విడివిడిగా టేపుతో కొలిచి గుర్తులు పెడితే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. వేసుకున్నాక ఆ తేడా కచ్చితంగా కనిపిస్తుంది.

డ్రెస్‌ను టేబుల్ మీద పరిచి, కాజా పట్టీని బటన్ పట్టీ మీదకు తెచ్చి, పై అంచూ కింది అంచూ సరిగ్గా కలిసేలా సర్దండి. రెండు పట్టీల మధ్య గీతలు ఒకదాని మీద ఒకటి పడాలి. అక్కడక్కడా గుండుసూదులు పెట్టి కదలకుండా చేసి, కాజాలోంచి కింది గుడ్డకు ఇంకో గుండుసూది గుచ్చి, అది దిగినచోట చాక్‌తో చుక్క పెట్టండి. కాజాలో ఎక్కడ గుచ్చాలన్నది చూసుకోవాలి. అడ్డంగా ఉన్న కాజాలో బటన్ ఎప్పుడూ పట్టీ అంచువైపు లాగుతూ ఉంటుంది కాబట్టి అంచుకు దగ్గరున్న చివర నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి గుచ్చాలి. నిలువు కాజా అయితే పై చివర నుంచి 3 మిల్లీమీటర్లు కిందికి. చొక్కాలో కాలర్ దగ్గర కాజా అడ్డంగా, మిగతావి నిలువుగా ఉండడం మామూలే. అందుకే పై బటన్‌కు ఒక లెక్క, కింది వాటికి ఇంకో లెక్క.

ఆడవాళ్ళ డ్రెస్ అయితే ఛాతీ దగ్గర బిగుతు పడే చోట బటన్‌ను ముందు గుర్తు పెట్టి, అక్కడి నుంచి పైకీ కిందికీ వెళ్ళండి. ఆ ఒక్కటీ సరిగా పడితే పట్టీ నోరు తెరుచుకోదు.

గుడ్డ ఒకే పొరగా, పల్చగా ఉంటే బటన్ కిందకు లోపలివైపు చిన్న గుడ్డ ముక్క గానీ ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అతుక్కునే అస్తరు) ముక్క గానీ పెట్టండి. సాగే గుడ్డకైతే ఇది తప్పనిసరి. లేకపోతే ఆ దారం కొన్నాళ్ళకు గుడ్డనే చింపుకుని వచ్చేస్తుంది.

మిషన్‌ను సిద్ధం చేయడం

బటన్ కుట్టే ఫుట్ అని విడిగా ఉంటుంది. పొట్టిగా ఉండి, మధ్యలో తెరిచి ఉంటుంది కాబట్టి బెజ్జాలు స్పష్టంగా కనిపిస్తాయి. కొన్నిటికి బటన్ జారకుండా అడుగున రబ్బరు కూడా ఉంటుంది. అది లేకపోతే, ఫుట్‌ను నొక్కి బిగించే రకం మిషన్లలో కొన్నిటికి అడుగు భాగం తీసేసి, పైన మిగిలిన కాడతోనే బటన్‌ను నొక్కిపట్టి కుట్టొచ్చు. అందులో బటన్ కదిలే అవకాశం ఎక్కువ. వీలైతే అసలు ఫుట్ తెచ్చుకోవడమే మంచిది.

తర్వాత గుడ్డను ముందుకు లాగే పళ్ళు, అంటే ఫీడ్ డాగ్‌ను కిందికి దించాలి. దానికి మిషన్ వెనకో పక్కనో ఒక మీట ఉంటుంది. అది లేని మిషన్లకు పళ్ళ మీద మూతలా బిగించే ప్లేటు వస్తుంది. దాంతో పాటు కుట్టు పొడవును సున్నాకు తెచ్చేయండి. ఇక గుడ్డ ఉన్నచోటే ఉంటుంది, సూది మాత్రమే అటూ ఇటూ తిరుగుతుంది.

సూది మామూలు గుడ్డకు 14 నంబర్ చాలు, పల్చటి వాటికి 11 లేదా 12. మొద్దుబారిన సూదితో మాత్రం ఈ పని మొదలుపెట్టొద్దు. దారానికి మంచి పాలిస్టర్ దారం, పైనా కిందా ఒకటే రంగుది. పై దారం టెన్షన్‌ను, అంటే బిగుతును మామూలు కంటే కాస్త తగ్గించండి, బటన్ మరీ బిగిసిపోకుండా ఉంటుంది.

బటన్‌ను నిలపడం, చక్రం తిప్పి చూడడం

గుర్తు మీద బటన్ పెట్టి, కదలకుండా చిన్న పారదర్శక టేపు ముక్క అంటించండి. బెజ్జాల మీద టేపు పడినా ఫరవాలేదు, సూది దాన్ని గుచ్చుకుంటూ పోతుంది, చివర్లో చించేయొచ్చు. జిగురు పుల్ల ఉంటే బటన్ అడుగున కొద్దిగా రాసినా సరిపోతుంది. బెజ్జాలు మిషన్‌కు అడ్డంగా, ఎడమా కుడిగా ఉండేలా పెట్టి ఫుట్ దించండి.

ఇప్పుడు ముందు చెప్పిన అర నిమిషం. పెడల్ మీద నుంచి కాలు తీసేయండి. కుడివైపున్న చక్రాన్ని చేత్తో మీవైపుకు మెల్లగా తిప్పండి. సూది కిందికి వస్తూ ఎడమ బెజ్జం మధ్యలోకి దిగాలి. అంచుకు రాసుకుంటూ దిగితే గుడ్డను వెంట్రుకవాసి జరపండి. ఇంకొంచెం తిప్పితే సూది పైకి లేచి కుడివైపుకు వస్తుంది. ఇక్కడ పూర్తిగా దించకుండా, బటన్‌కు తాకబోయే ముందు ఆపి చూడండి. బెజ్జం మధ్యకు వస్తే సరే. రాకపోతే సూది పైకి ఉండగా జిగ్‌జాగ్ వెడల్పును కాస్త పెంచడమో తగ్గించడమో చేసి, మళ్ళీ మొదటి నుంచి తిప్పి చూడండి. సూది బటన్‌లో గానీ గుడ్డలో గానీ దిగి ఉండగా వెడల్పు మీటను ఎప్పుడూ కదపకూడదు, సూది వంగుతుంది.

ఈ సర్దుబాటులో చాలామందికి చిరాకు తెప్పించే విషయం ఒకటుంది. చాలా మిషన్లలో వెడల్పు మారిస్తే రెండువైపులా మారుతుంది. అందుకే కుడివైపు సరిచేసేసరికి ఎడమవైపు తప్పుతుంది. అలాంటప్పుడు బటన్ మధ్య భాగాన్ని సూది మధ్య స్థానానికి ఎదురుగా పెట్టి, ఆ తర్వాతే వెడల్పు మార్చండి. సూదిని ఎడమ స్థానంలో స్థిరంగా ఉంచుకునే వీలున్న మిషన్ అయితే ఇంకా తేలిక. ఎడమ బెజ్జం కదలదు, కుడివైపు ఒక్కటే సరిచేసుకుంటే చాలు.

సూది ఎడమా కుడీ శుభ్రంగా దిగుతోందని రెండు మూడుసార్లు చేత్తో తిప్పి తేల్చుకున్నాకే పెడల్ మీద కాలు పెట్టండి. కళ్ళద్దాలు ఉంటే పెట్టుకోండి. బటన్ మారిన ప్రతిసారీ, ఒకే ప్యాకెట్‌లోవి అయినా సరే, ఒక్కసారి చక్రం తిప్పి చూడాలి. బటన్ కొద్దిగా వంకరగా అంటుకున్నా లెక్క మారిపోతుంది.

కుట్టడం, దారం కట్టడం

నెమ్మదిగా తొక్కుతూ ఎనిమిది నుంచి పది కుట్లు వేయండి. అంతకు మించి వేస్తే బెజ్జం నిండిపోయి సూది ఇరుక్కుంటుంది, బటన్ బలం ఏమీ పెరగదు. సూదిని పైకి లేపి వెడల్పును సున్నాకు తెచ్చి, సూది ఒక బెజ్జంలోకే దిగేలా గుడ్డను జరిపి, చక్రం తిప్పి చూసుకుని, ఆ ఒకే బెజ్జంలో మూడు నాలుగు కుట్లు వేస్తే దారం అక్కడే ముడిపడుతుంది. కొన్ని మిషన్లలో బటన్ కుట్టుకు విడిగా ప్రోగ్రామ్ ఉంటుంది, ఈ కుట్లన్నీ అదే లెక్కపెట్టి వేసుకుంటుంది. అయినా చక్రం తిప్పి చూసే పని మాత్రం మీదే.

మిషన్ వేసిన ముడి చాలని కొందరంటారు. నా ఉద్దేశంలో చివర్లను చేత్తో కట్టడమే మేలు. నాలుగైదు అంగుళాల దారం వదిలి కత్తిరించి, గుడ్డను తిప్పి, కింది దారాన్ని మెల్లగా లాగితే పై దారం ఉచ్చులా వెనక్కి వస్తుంది. రెండింటినీ కలిపి రెండు ముళ్ళు వేసి, చివర్లను చేతి సూదితో గుడ్డ పొరల మధ్యకు దూర్చేయండి.

రెడీమేడ్ చొక్కాల బటన్లు ఒక్క దారం లాగితే మొత్తం ఊడిరావడం మీరు చూసే ఉంటారు. ఫ్యాక్టరీల్లో బటన్లు కుట్టే యంత్రాలు చాలావరకు ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి. దాని చివర తెగితే గొలుసంతా విడిపోతుంది. ఇంటి మిషన్ పై దారాన్నీ కింది దారాన్నీ ఒకదానిలో ఒకటి మెలేసి కుడుతుంది కాబట్టి అంత తేలిగ్గా విడిపోదు. కొత్త చొక్కా కొన్నప్పుడు బటన్లు వదులుగా అనిపిస్తే, పాత దారం తీసి ఇలా ఒకసారి కుట్టేసుకుంటే తర్వాత దిగులుండదు.

నాలుగు బెజ్జాల బటన్‌కు ముందు మీకు దగ్గరున్న జత కుట్టి, దారం తెంపకుండా ఫుట్ ఎత్తి, గుడ్డను మీవైపుకు జరిపి వెనక జత కుట్టండి. రెండో జతకు కూడా చక్రం తిప్పి చూశాకే కాలు పెట్టాలి. కుట్లు రెండు గీతల్లా సమాంతరంగా వస్తాయి. రెండు జతల మధ్య మిగిలిన దారాన్ని చివర్లో కత్తిరించేయొచ్చు.

బటన్ కింద కాస్త ఖాళీ వదలండి

మిషన్ మీద కుట్టిన బటన్ల గురించి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, అవి గుడ్డకు అతుక్కుపోయి కాజాలోకి దూరడం లేదని. బటన్ పెట్టుకున్నాక దాని కిందకు కాజా పట్టీ మందం పట్టాలి. ఆ చోటు లేకపోతే బటన్ చుట్టూ గుడ్డ ముడతలు పడుతుంది, పెట్టిన ప్రతిసారీ దారం మీద బరువు పడి తొందరగా తెగుతుంది. దారం నాసిరకమని అనుకుంటాం కానీ చాలాసార్లు అసలు కారణం ఇదే.

దీనికి ఉపాయం సులువు. కుట్టే ముందు బటన్ మీద, రెండు బెజ్జాల మధ్యగా ఒక గుండుసూదిని ముందు నుంచి వెనక్కి పడుకోబెట్టండి. కుట్లు దాని మీదుగా పడతాయి. పల్చటి చొక్కాకు గుండుసూది చాలు, మందపు గుడ్డకు అగ్గిపుల్ల పెట్టండి. కోటు లాంటి వాటికి 3 మిల్లీమీటర్ల దాకా ఖాళీ అవసరమవుతుంది. కుట్టడం అయ్యాక పుల్ల తీసేసి బటన్‌ను పైకి లాగితే, బటన్‌కూ గుడ్డకూ మధ్య కుట్లు వదులుగా నిలబడతాయి. ఇలా ఖాళీ వదిలే బటన్‌కు పై దారాన్ని నాలుగైదు అంగుళాలకు బదులు ఒక అడుగు పొడవున వదిలి కత్తిరించి, వెనక్కి లాగకుండా చేతి సూదికి ఎక్కించి, బటన్ కిందకు తెచ్చి, ఆ కుట్ల చుట్టూ ఐదారు చుట్లు గట్టిగా చుట్టి, వెనక్కి దింపి ముడి వేయండి. పల్చటి చొక్కాకు ఈ చుట్లు లేకపోయినా నడుస్తుంది. కోటుకు మాత్రం చుట్టాల్సిందే.

ఇబ్బంది వస్తే

గుడ్డ కింద దారం గుబురుగా ముద్దకడితే ముందు ఫుట్ దించారో లేదో చూడండి. బటన్ మందం వల్ల దించినట్టే అనిపిస్తుంది కానీ మీట పూర్తిగా దిగదు. ఫుట్ దిగనిదే పై దారానికి టెన్షన్ ఉండదు. దారం మాటిమాటికీ తెగుతుంటే బెజ్జం అంచును వేలితో తడిమి చూడండి. చవక ప్లాస్టిక్ బటన్లకు అక్కడ గరుకు మిగిలి ఉంటుంది, అలాంటిదాన్ని పక్కన పెట్టేయడమే. కుట్లు తప్పుతుంటే సూది మార్చండి.

బటన్ తప్పు చోట పడితే దాన్ని పట్టుకుని లాగొద్దు, గుడ్డకు చిల్లు పడుతుంది. బటన్ పైవైపు కనిపిస్తున్న కుట్ల కిందకు కుట్లు విప్పే పరికరం మొన దూర్చి, దారాలు ఒక్కొక్కటిగా తెంపండి. బటన్ చేతికి వస్తుంది. వెనక మిగిలిన దారాలను పట్టకారుతో ఏరేసి, అక్కడ ఒకసారి ఇస్త్రీ చేస్తే సూది గుచ్చిన గుర్తులు చాలావరకు పూడతాయి. ఆ తర్వాత కొత్త గుర్తు పెట్టి, చక్రం తిప్పి చూసుకుని మళ్ళీ కుట్టండి.