నెట్రిన్, స్లిట్ బుర్రకెక్కాలంటే ఒక పెన్సిల్, ఒక ఎర్ర పెన్ను

ఆక్సాన్ గైడెన్స్, అంటే నరకణం నుంచి సాగే పొడవాటి తీగ (ఆక్సాన్) పిండంలో తన దారి ఎలా పడుతుందో చెప్పే చాప్టర్ రాగానే అందరం చేసేది ఒకటే. నెట్రిన్ అనే ప్రొటీన్ ఆక్సాన్‌ని లాగుతుంది, స్లిట్ అనే ప్రొటీన్ తోస్తుంది అని పట్టిక రాసుకుని బట్టీ కొట్టడం, తెల్లారేసరికి మర్చిపోవడం. నేనైతే ఇంటర్నల్స్‌లో తారుమారు చేసి నెట్రిన్ తోసేస్తుందని రాసి సున్నా తెచ్చుకున్నాను. అది పూర్తిగా తప్పు కాదని చాన్నాళ్లకి తెలిసింది, ఆ సంగతి కింద చెప్తాను. ముందు పట్టిక పక్కన పడేసి కాగితం తీసుకోండి.

అరచేయంత కోడిగుడ్డు ఆకారం గీయండి. పిండంలో వెన్నుపామును అడ్డంగా కోస్తే కనిపించే ముక్క అది: పై అంచు వీపు వైపు, కింది అంచు పొట్ట వైపు. మధ్యలో నిలువుగా చుక్కల గీత, అది కింది అంచుని తాకే చోట చిన్న త్రికోణం. ఆ త్రికోణమే ఫ్లోర్ ప్లేట్. ఎడమవైపు పైన ఒక చుక్క పెట్టండి, అది కమిషరల్ న్యూరాన్, అంటే ఆక్సాన్‌ని అవతలి పక్కకి పంపే నరకణం. దీని ఆక్సాన్ కిందికి దిగి, మధ్య గీత దాటి, కుడిపక్కకి చేరి అక్కడ మలుపు తీసుకోవాలి.

ఇప్పుడు పెన్సిల్‌తో ఫ్లోర్ ప్లేట్ దగ్గర ముదురుగా, పైకి వెళ్లేకొద్దీ లేతగా షేడ్ వేయండి. ఈ షేడే నెట్రిన్. 1994లో మార్క్ టెస్సియే-లవీన్ బృందం దీన్ని సుమారు 25 వేల కోడిపిండాల మెదళ్ల నుంచి వేరుచేసింది. పేరు సంస్కృతం నుంచే తీసుకున్నారు. నేత్రం అనుకునేరు, కాదు. దారి చూపేవాడు, మన నేత, నేతృత్వం ఉన్నాయే, ఆ మాట.

చుక్క నుంచి గీత కిందికి లాగండి, కానీ మెల్లగా, ఎందుకంటే అసలు కథంతా పెన్సిల్ మొన దగ్గరే ఉంది. ఆక్సాన్ కొసని గ్రోత్ కోన్ అంటారు, 1890లో కహాల్ కోడిపిండంలో చూసి వర్ణించింది దీన్నే. బీరపాదు నులితీగ ఏదైనా దొరుకుతుందేమోనని గాల్లో తడుముతుంది చూడండి, అలా తడిమే సన్నటి వేళ్లు దీనికీ ఉంటాయి. నెట్రిన్ ఎక్కువ తగిలిన వైపు వేళ్లలో ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు పెరిగి అవి నిలబడతాయి, తక్కువ తగిలినవి ముడుచుకుపోతాయి, వెనకనుంచి మైక్రోట్యూబ్యూల్స్ (కణానికి దన్నుగా ఉండే సన్నటి గొట్టాలు) వచ్చి నిలబడ్డ వైపుకే చేరతాయి. ఆక్సాన్ మలుపు తిరగడమంటే ఇదే.

అయితే నెట్రిన్ తగిలినట్టు కొసకి తెలియాలంటే దాని మీద రిసెప్టర్, అంటే నెట్రిన్‌ని పట్టుకునే ప్రొటీన్, ఉండాలి. గీత పక్కన డీసీసీ అని రాయండి, అది ఉంటే లాగుడు. దాంతోపాటు అన్‌క్5 కూడా రాస్తే అదే నెట్రిన్ తోసేస్తుంది! నా సున్నా కథ ఇదీ. కాబట్టి ఈ అణువు లాగేదా తోసేదా అని అడక్కండి, ఈ క్షణాన కొస మీద ఏ రిసెప్టర్ ఉందో అడగండి.

గీత త్రికోణం దాకా వచ్చింది కదా, ఇక్కడ చాలామంది ఆగిపోతారు. నెట్రిన్ అంతా అక్కడే ఉంటే ఆక్సాన్ అక్కడే అతుక్కుపోవాలి, దాటి పోవడం ఎందుకు? ఎర్ర పెన్నుతో త్రికోణం నిండా చుక్కలు పెట్టండి, అవి స్లిట్. దాన్ని పట్టే రిసెప్టర్ రోబో. దాటకముందు గీత పక్కన ‘రోబో ఆఫ్’ అని, దాటాక ‘రోబో ఆన్’ అని రాయండి. దాటేదాకా రోబో3 అనే చుట్టం స్లిట్‌ని పట్టించుకోనివ్వదు. దాటగానే కొసకి స్లిట్ తగలడం మొదలవుతుంది, డీసీసీ లాగుడు కూడా సద్దుమణుగుతుంది, ఇక వెనక్కి రావడమంటూ ఉండదు.

అర్థమైందో లేదో చూసుకోవాలంటే ఒక్కోటి చెరిపేయండి. ఈగలో రోబో చెరిపితే ఆక్సాన్ మధ్య గీతని మళ్లీ మళ్లీ దాటుతూ సర్కిల్ దగ్గర దారి తప్పిన ఆటోలా తిరుగుతుంది, రోబోకి రౌండ్‌అబౌట్ అనే పూర్తి పేరు అందుకే. మనుషుల్లో రోబో3 జన్యువు పాడైతే మెడుల్లాలో (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) దాటాల్సిన దారులు దాటవు. వాళ్ల కళ్లు పక్కలకి తిరగవు, వెన్ను వంకరపోతుంది. డీసీసీలో లోపమున్న కొందరిలో కుడిచెయ్యి ఆడిస్తే ఎడమచెయ్యి కూడా తనంతట తనే ఆడుతుంది.

ఒక సవరణ. 2017లో ఎలుకల్లో ఒక్క ఫ్లోర్ ప్లేట్‌లోనే నెట్రిన్ తీసేస్తే, హైండ్‌బ్రెయిన్‌లో (మెదడు వెనక భాగంలో) ఆక్సాన్లు అయినా మధ్య గీత దాటేశాయి. వెంట్రిక్యులర్ జోన్ (లోపలి కుహరం చుట్టూ ఉండే పొర) కణాలు తయారుచేసి బయటి అంచు దాకా చేర్చే నెట్రిన్ కూడా వాటికి దారి అవుతోందన్నమాట. కాబట్టి అంచుల వెంట కూడా షేడ్ వేయండి, కాకపోతే వేరే రంగులో, ఎందుకంటే పరీక్షలో ఇప్పటికీ పాత షేడే అడుగుతారు.