వార్డు మెంబర్‌గా నిలబడాలనుకునేవాళ్లకు నాకు తెలిసిన నాలుగు మాటలు

పంచాయతీ ఎన్నికలనగానే అందరి కళ్లూ సర్పంచ్ కుర్చీ మీదే ఉంటాయి. నన్నడిగితే, మొదటిసారి నిలబడే మనిషికి వార్డే మేలు. రెండు మూడు వీధులు, పేరుపేరునా తెలిసిన ఓటర్లు, చేతికి అందేంత ఖర్చు. పదవి చిన్నదని కొట్టిపారేయకండి. తెలంగాణలో జనాభాను బట్టి పంచాయతీకి 5 నుంచి 21 మంది వార్డు సభ్యులు ఉంటారు. ఉపసర్పంచ్ వాళ్లలోంచే వస్తారు. 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు చెక్కు మీద సంతకం పెట్టే అధికారం ఆ ఉపసర్పంచ్‌కే ఇచ్చింది. నేను 2019లో గెలిచి 2024 ఫిబ్రవరి దాకా వార్డు మెంబర్‌గా ఉన్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. మా గడువు అయిపోయాక దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మళ్లీ ఎన్నికలు జరిగాయి.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఓటరు జాబితా. పంచాయతీ జాబితా వేరే ఎక్కడో పుట్టదు, అసెంబ్లీ జాబితానే వార్డులవారీగా విడదీస్తారు. అందులో పేరు లేకపోతే పంచాయతీలోనూ ఉండదు. పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండాలి, ఆ గ్రామ పంచాయతీలో ఓటు ఉండాలి. పట్నంలో పనికి వెళ్లి ఓటు అక్కడికి మార్చుకున్నవాళ్లు నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే లాభం లేదు. ఏడాది ముందే ఫారం 8 పెట్టి ఊరికి మార్చుకోవాలి. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం.

తర్వాతది రిజర్వేషన్. ఇది మన చేతిలో లేదు. సగం స్థానాలు మహిళలకు, ఇంకా ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాలు. మీరు ఐదేళ్లు మోరీల వెంట తిరిగి పేరు తెచ్చుకుంటారు, తీరా మీ వార్డు ఇంకొకరికి రిజర్వ్ అవుతుంది. మాకు జరిగింది అదే. 2025లో మా వార్డు ఎస్సీ మహిళకు వచ్చింది. నాతోపాటు పొదుపు సంఘంలో ఉండే ఒక చెల్లెను నిలబెట్టాం, ప్రతిపాదించింది నేనే. అందుకే చెబుతున్నాను, ఒక్కరే తయారు కావద్దు. మీ సంఘంలోనో వాడకట్టులోనో ఇద్దరు ముగ్గురిని సిద్ధం చేసుకోండి. ఎవరికి అవకాశం వస్తే మిగతావాళ్లు వెనకాల నిలబడవచ్చు.

అర్హతల మాట క్లుప్తంగా. ప్రభుత్వ ఉద్యోగులు, అంగన్‌వాడీ టీచర్లు ఉద్యోగంలో ఉంటూ నిలబడలేరు. ముగ్గురు పిల్లలుంటే కుదరదన్న పాత నిబంధనను 2025లో ఎత్తేశారు. ఇంకా చాలామంది అది ఉందనుకునే వెనక్కి తగ్గుతున్నారు. ఇంటి పన్ను, నల్లా బిల్లు బకాయి మాత్రం ఉండకూడదు. పంచాయతీలో పన్నులు వసూలు చేసే కారోబార్‌ను అడిగి కట్టేసి, రసీదు దాచుకోండి. నోటి మాటతో "నీది క్లియర్ ఉందక్కా" అంటే సరిపోదు.

నామినేషన్లు మీ ఊళ్లోనే తీసుకోవాలని లేదు. నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక క్లస్టర్ పెడతారు. మూడు రోజులు, ఉదయం 10:30 నుంచి సాయంత్రం 5 దాకా. మంచి రోజని అందరూ చివరి రోజే వస్తారు, తిరునాళ్లలా ఉంటుంది. మీరు మొదటి రోజే వెళ్లండి, ఏదైనా తక్కువైతే తెచ్చుకోవడానికి ఇంకో రెండు రోజులుంటాయి. డిపాజిట్ వార్డుకు 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 250. సర్పంచ్‌కైతే 2,000, వీళ్లకు 1,000. ఎన్నికల ఖర్చు కోసం వేరే బ్యాంకు ఖాతా తెరిచి ఉంచుకోవాలి.

ఫారంలో ఎక్కువమంది తడబడేది ప్రతిపాదకుడి దగ్గర. అభ్యర్థికి ఓటు పంచాయతీలో ఏ వార్డులో ఉన్నా ఫరవాలేదు కానీ, ప్రతిపాదించేవాళ్ల ఓటు మాత్రం పోటీ చేసే వార్డులోనే ఉండాలి. ప్రేమకొద్దీ పక్క వీధి బావతో సంతకం పెట్టిస్తే, ఆ బావ ఓటు అవతలి వార్డులో ఉందంటే పని చెడినట్టే. జాబితాలో అతని వరుస నంబరు వేలు పెట్టి చూశాకే సంతకం తీసుకోండి.

మా చెల్లె కాగితాల్లో ఇంకో చిక్కు వచ్చింది. ఓటరు జాబితాలో అత్తగారి ఇంటిపేరు ఉంది, కుల ధ్రువీకరణ పత్రంలో పుట్టింటి పేరు. ఆడవాళ్లలో సగం మందికి ఇదే తంటా. నోటిఫికేషన్‌కు ముందే మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి కొత్త పత్రం తీసుకోవడంతో గండం గడిచింది. ఇక కేసులు, ఆస్తులు, చదువు గురించి ఇచ్చే స్వీయ ప్రకటన. దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు. కేసు లేకపోతే "లేదు" అని రాయాలి, అప్పు లేకపోతే అక్కడా "లేదు". గీత గీసి వదిలేస్తే మీ ఎదుటివాళ్లకు మీరే అస్త్రం ఇచ్చినట్టు.

నామినేషన్ల గడువు ముగిసిన మరుసటి రోజు పరిశీలన ఉంటుంది, తప్పక వెళ్లి కూర్చోండి. చిన్న అక్షర దోషాలకు తిరస్కరించకూడదు. ఒకవేళ తిరస్కరిస్తే కారణం రాయించుకుని, మర్నాడే ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు. ఉపసంహరణ గడువు మధ్యాహ్నం 3 గంటలకు ముగుస్తుంది. అసలు టెన్షన్ ఆ గంటల్లోనే. పెద్దమనుషులు ఇంటికొస్తారు, "ఊరికి ఏకగ్రీవం చేద్దాం బిడ్డా, నువ్వు తప్పుకో" అంటారు. నిజంగా అందరూ కూర్చుని ఒప్పుకుంటే మంచిదే. గుడికి ఇంత ఇస్తానని పదవిని వేలం పాడుకోవడం మాత్రం చట్టానికి విరుద్ధం. ఆ రోజు మా చెల్లె ఫోన్ ఇంట్లో పెట్టి పత్తి ఏరడానికి పోయింది. అంతకంటే మంచి ఉపాయం నాకు తట్టలేదు.

ఇక గుర్తు. సర్పంచ్, వార్డు ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు. ఎన్నికల సంఘం జాబితాలోని గుర్తులను, అభ్యర్థుల పేర్ల తెలుగు అక్షర క్రమంలో వరుసగా ఇస్తారు. నచ్చింది కోరుకోవడం కుదరదు. ఈవీఎం కాదు, బ్యాలెట్ పేపరే. సర్పంచ్‌కు గులాబీ రంగు, వార్డుకు తెలుపు. దాని మీద మీ పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది! మీరు ఎంత మంచివారైనా, బూత్ లోపల మీరు ఒక స్టూలో, ఈలో, బీరువానో అంతే. వార్డు గుర్తుల్లో గ్యాస్ పొయ్యి ఉంది, గ్యాస్ సిలిండర్ కూడా ఉంది. "గ్యాస్‌కు వెయ్యమ్మా" అని ప్రచారం చేస్తే ఓటు ఎటు పోతుందో చెప్పలేం. పొయ్యి అయితే పొయ్యి అనే చెప్పండి. నమూనా కాగితం పట్టుకుని ముసలమ్మల దగ్గర కూర్చోండి. పైనుంచి ఎన్నోది, ముద్ర ఎక్కడ వేయాలి, సిరా పక్క గుర్తుకు అంటకుండా ఎట్లా మడవాలి, అన్నీ చేసి చూపించండి. మైకు ప్రచారం కంటే ఈ పనే ఓట్లు తెస్తుంది. వందా రెండు వందల ఓట్ల వార్డులో నాలుగు చెల్లని ఓట్లంటే గెలుపోటములే.

పోలింగ్ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 1 దాకా, 2 గంటల నుంచి లెక్కింపు. కాగితాలను 25 చొప్పున కట్టలు కడతారు. ఏజెంటుగా ఓపిక ఉన్న మనిషిని పెట్టండి, గొంతు పెద్దదైతే సరిపోదు. అనుమానం వచ్చిన కాగితాన్ని అక్కడికక్కడే చూపించమని అడగాలి. ఓట్లు సమానమైతే చీటీ తీస్తారు. గెలిచిన పత్రం రాగానే బాజాలతో వెళ్లిపోకండి, చాలాచోట్ల ఆ సాయంత్రమే ఉపసర్పంచ్ ఎన్నిక పెడతారు. చేతులెత్తే పద్ధతి, వార్డు సభ్యులతో పాటు సర్పంచ్‌కూ ఓటు ఉంటుంది. మీరు లేకపోతే ఎవరి కోసమూ ఆగదు.

ఖర్చు పరిమితి వార్డు సభ్యుడికి 5,000 దాటిన జనాభా ఉన్న ఊళ్లో 50,000 రూపాయలు, అంతకంటే చిన్న ఊళ్లో 30,000. మందు, నోట్ల పంపకం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, ఆ పోటీలోకి దిగితే మాత్రం ఈ పరిమితి ఏ మూలకూ చాలదు. కరపత్రాలు, ఆటో, టీలు, అన్నీ ఏ రోజుకారోజు పుస్తకంలో రాయండి. ఫలితం వచ్చిన 45 రోజుల్లో గెలిచినా ఓడినా ఆ లెక్క ఎంపీడీవో ఆఫీసులో ఇవ్వాల్సిందే, లేకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. ఓడినవాళ్లు బాధలో దీన్ని మర్చిపోతారు. ఇచ్చినట్టు ముద్ర వేయించిన కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి.