పాత కారుకి దొరకని పార్టు: వెతకడం, చేయించడం

పార్టు దొరకట్లేదని ఎవరన్నా అంటే నేను ముందు అడిగేది ఒకటే: పాతది ఉందా, పారేశారా? ఎంత విరిగినా, అరిగినా దాచండి. కిరోసిన్‌తో కడిగి వైర్ బ్రష్‌తో రుద్దితే చాలాసార్లు నంబరు బయటపడుతుంది.

బేరింగయితే దిగులే లేదు. దాని మీద 6205 అని ఉంటే లోపలి వ్యాసం 25, బయటిది 52, మందం 15 మిల్లీమీటర్లు. ఏ కంపెనీదైనా అంతే. షాపులో కారు పేరు కాదు, నంబరు చెప్పండి. ఆయిల్ సీలుకీ అదే దారి: షాఫ్టు వ్యాసం, హౌసింగు (సీలు కూర్చునే రంధ్రం) వ్యాసం, సీలు మందం కొలిచి అడగాలి.

రబ్బరు దగ్గర మాత్రం జాగ్రత్త. ఇంజనాయిలు తగిలేచోట నైట్రైల్ అనే రకం రబ్బరు వాడాలి; డాట్ 3, డాట్ 4 రకాల బ్రేకు ఫ్లూయిడ్ తగిలేచోట ఈపీడీఎం అనే రకం. తారుమారైతే ఉబ్బి పాడైపోతాయి.

పోత పోయించాల్సి వస్తే పాత పార్టునే నమూనాగా ఇవ్వకండి. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది: పోత ఇనుము సుమారు 1 శాతం, అల్యూమినియం ఇంకాస్త ఎక్కువ. 200 మిల్లీమీటర్ల ముక్క 2 మిల్లీమీటర్లు తగ్గిందంటే బోల్టు రంధ్రాలు కలవవు. అందుకే ఆ మేరకు కొలత పెంచి, మెషీనింగుకి (తర్వాత మెషీను మీద చెక్కడానికి) కాస్త మందం వదిలి, త్రీడీ ప్రింటులో నమూనా తీయించడం నాకు బాగా నచ్చిన పద్ధతి.

కొత్త బోల్టు ఎక్కకుండా బిగుసుకుంటే బలవంతంగా తిప్పొద్దు, మర రకం వేరై ఉండొచ్చు. పాత బ్రిటిష్ కార్లలో ఉండే విట్‌వర్త్ మర కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. మర రకం చెప్పే థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి.

స్టీరింగు, బ్రేకు భాగాలు సొంతంగా పోయించొద్దు. సరైనవి దొరికేదాకా కారు షెడ్డులోనే ఉండనివ్వండి.