పాత అమెరికన్ వెండి నాణేలు: ఏ లోపం ఎక్కడిది, దానికి ఏం చేయాలి

నా మొదటి మోర్గాన్ డాలర్‌ని (జార్జ్ మోర్గాన్ చెక్కిన పాత అమెరికన్ వెండి డాలర్) నా చేతులతోనే పాడు చేశాను. మా అన్నయ్య డాలస్ నుంచి వస్తూ తెచ్చిన 1921 నాటి నాణెం అది. కాస్త నల్లగా ఉందని పూజ సామాన్లతో పాటు చింతపండు పట్టించి, విభూతితో తోమేశాను. తళతళలాడింది. నెల తర్వాత పాత నాణేలు అమ్మే ఒకాయన దాన్ని దీపం కింద వంచి చూపించారు. నాణెం నిండా వెంట్రుకల్లాంటి గీతలు. ఆ రోజు పడ్డ బాధ ఇంకా పోలేదు.

అప్పటి నుంచి ఏ నాణెం చేతికొచ్చినా ముందు ఒకటే చూస్తాను. ఈ లోపం టంకశాలలో పుట్టిందా, జనం చేతుల్లో పుట్టిందా, దాచిన చోట పుట్టిందా? దాచిన చోట పుట్టినదైతేనే మనం బాగు చేయగలిగేది ఏమైనా ఉంటుంది. మిగతా రెండింటినీ అర్థం చేసుకుని కొనాలి, లేదా వదిలేయాలి.

సమస్య: నాణెం నల్లబడింది, లేదా రంగులు తిరిగింది

కారణం: 1964 వరకు వచ్చిన అమెరికన్ డైములు (10 సెంట్లు), క్వార్టర్లు (25 సెంట్లు), హాఫ్ డాలర్లలోనూ, పాత వెండి డాలర్లలోనూ 90 శాతం వెండి, 10 శాతం రాగి ఉంటాయి. గాలిలోని గంధకం తగిలితే వెండి మీద సల్ఫైడ్ పొర కడుతుంది. పొర పలచగా ఉన్నప్పుడు లేత బంగారు రంగు, ముదిరేకొద్దీ ఊదా, నీలం, చివరికి నలుపు. న్యూస్‌పేపర్లో చుట్టినా, అట్టపెట్టెలో పెట్టినా, రబ్బరు బ్యాండు వేసినా ఇది తొందరగా వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో తేమ దీనికి తోడవుతుంది.

పరిష్కారం: ఏమీ చేయకండి. నిజంగానే ఇదే పరిష్కారం. అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం మధ్య నుంచి అంచుల వైపు పారుతుంది. ఆ పారుదల కంటికి ఆనని సన్నటి గాడులను వదిలి వెళ్తుంది. కొత్తగా మిగిలిపోయిన మోర్గాన్ డాలర్‌ని ఒకే దీపం కింద మెల్లగా తిప్పి చూడండి. బండి చక్రం ఆకుల్లా వెలుగు రేఖలు తిరుగుతాయి. అది ఆ గాడుల వల్లే. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్, వంటసోడా, కంసాలి దగ్గర పాలిష్, ఏదైనా సరే ఆ గాడులను చెరిపేస్తుంది. అవి మళ్లీ రావు. నాణెం నాణ్యతను చూసి అంకె ఇచ్చే గ్రేడింగ్ కంపెనీలు కూడా అలాంటి నాణేనికి ‘శుభ్రం చేసినది’ అని రాసి, గ్రేడు అంకె ఇవ్వకుండా పంపేస్తాయి.

ఇప్పటికే తోమేసి ఉంటే ఇంకోసారి ముట్టుకోకండి. కొన్నేళ్లకు అది మళ్లీ రంగు తిరుగుతుంది. గీతలు పోవు గానీ, ఆ గుచ్చుకునే తెలుపు తగ్గుతుంది.

ఇక ముందు నల్లబడకుండా గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో గానీ మైలార్ (పాలిస్టర్ రకం ప్లాస్టిక్) కవర్లో గానీ పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి.

సమస్య: నాణెం మీద ఆకుపచ్చ జిగురు

కారణం: మెత్తగా వంగే చవక ప్లాస్టిక్ కవర్లు. వాటిలోని పీవీసీ కాలం గడిచేకొద్దీ విడిపోయి ఆమ్లం వదులుతుంది. అది నాణెంలోని రాగిని తినడం మొదలుపెడుతుంది. ఆ పచ్చదనం రాగిదే.

పరిష్కారం: దీనికి మాత్రం ఆలస్యం పనికిరాదు. స్వచ్ఛమైన అసిటోన్ తెచ్చుకోండి. రంగు, వాసన కలిపిన గోళ్ల రంగు రిమూవర్ వద్దు. గాజు గిన్నెలో పోసి నాణేన్ని కొద్ది నిమిషాలు నాననివ్వాలి. తీసి, ఇంకో గిన్నెలో తాజా అసిటోన్‌లో ముంచాలి. రుద్దకూడదు, తుడవకూడదు. గాలికి దానంతటదే ఆరిపోతుంది. కిటికీలు తెరిచి ఉంచండి. పొయ్యి, దీపం, అగరుబత్తి ఏదీ దగ్గర ఉండకూడదు, అసిటోన్ భగ్గున అంటుకుంటుంది. అసిటోన్ వెండిని ఏమీ చేయదు, జిగురును మాత్రమే కరిగిస్తుంది. కింద లోహం అప్పటికే గుంట పడి ఉంటే ఆ గుంట అలాగే ఉంటుంది. ఆ పాత కవర్లను పారేయండి.

సమస్య: బొమ్మ మధ్యలో చదునుగా ఉంది

ఎక్కువ మంది ఇక్కడే పొరబడి మంచి నాణేన్ని వదిలేస్తుంటారు, లేదా అరిగినదాన్ని ఎక్కువ ధరకు కొంటారు.

కారణం రెండు రకాలు. ఒకటి అరుగుదల. రెండోది, అచ్చు సరిగ్గా పడకపోవడం. శిల్పి ఊహించినంత ఎత్తులో లోహం లేవాలంటే దెబ్బ బలంగా పడాలి. బలం పెంచితే అచ్చులు పగులుతాయి. శిల్పికీ యంత్రానికీ మధ్య జరిగిన ఈ పోరాటం చాలా నాణేల మీద కనిపిస్తుంది.

శిల్పి ఆంథొనీ డి ఫ్రాంచిషి తన భార్య తెరెసాను చూసి చెక్కిన పీస్ డాలర్ అనే వెండి డాలర్ 1921 డిసెంబరు చివర్లో అచ్చయింది. బొమ్మ బాగా ఎత్తుగా ఉంది, చూస్తే నిజమైన శిల్పమే. కానీ మధ్యలో జుట్టు నిండుగా లేవలేదు, అచ్చులూ నిలవలేదు. 1922లో ఎత్తు తగ్గించేశారు. అందుకే 1921 పీస్ డాలర్ ఎంత కొత్తదైనా నడి జుట్టు కాస్త మెత్తగానే కనిపిస్తుంది.

అడాల్ఫ్ వైన్‌మన్ చేసిన వాకింగ్ లిబర్టీ హాఫ్ డాలర్ (1916–1947) నా దృష్టిలో అమెరికా అచ్చేసిన వెండి నాణేలన్నింటిలోకీ అందమైనది. భుజాల మీద జెండా కప్పుకుని, చేయి చాచి, పొద్దుపొడుపు వైపు అడుగేస్తున్న స్త్రీ. గౌను మడతల్లో నడక కనిపిస్తుంది. 30.6 మిల్లీమీటర్ల వెండి ముక్కలో అంత కదలిక ఎలా పట్టిందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆమె తల, ఒంటికి అడ్డంగా వచ్చిన ఎడమ చేయి చాలా నాణేల్లో సరిగ్గా పడవు. న్యూ ఆర్లీన్స్‌లో అచ్చైన మోర్గాన్ డాలర్లలో చెవి పైనున్న జుట్టు, బొరుసు వైపు గద్ద రొమ్ము ఇలాగే ఉంటాయి.

పరిష్కారం: దీపం కింద వంచి, చదునుగా ఉన్న చోటే చూడండి. మెరుపు ఆ చదును మీదుగా ఆగకుండా సాగిపోతే అది టంకశాల పని. అక్కడికి రాగానే మెరుపు చచ్చి బూడిద రంగు కనిపిస్తే అది అరుగుదల. ఫొటోలో ఇది తెలియదు. ఆన్‌లైన్‌లో కొంటుంటే, నాణేన్ని తిప్పుతూ తీసిన వీడియో అడగండి.

1921 మోర్గాన్ మొత్తంగానే లోతు తక్కువగా ఉంటుంది. పాత మూల అచ్చులను 1910లో ధ్వంసం చేయడంతో జార్జ్ మోర్గాన్ మళ్లీ కొత్తగా చెక్కాల్సి వచ్చింది.

సమస్య: క్వార్టర్ మీద సంవత్సరం లేదు

కారణం: హెర్మన్ మాక్‌నీల్ చేసిన స్టాండింగ్ లిబర్టీ క్వార్టర్ (1916–1930) అయి ఉంటుంది. ఒక చేత ఆలివ్ కొమ్మ, ఇంకో చేత డాలు పట్టుకుని ద్వారం మధ్య నిలబడిన స్త్రీ. ఆమె పాదాల కింది గట్టు మీద సంవత్సరం ఉబ్బెత్తుగా ఉండేది. జేబుల్లో తిరిగేటప్పుడు ముందు అరిగేది అదే. 1925లో ఆ భాగాన్ని లోపలికి దించారు. ఆ తర్వాతి వాటి మీద సంవత్సరం నిలిచింది.

పరిష్కారం: ఆమ్లం పూస్తే పోయిన అంకెలు లీలగా తేలతాయి, నాణెం మాత్రం పాడైపోతుంది. అలా చేయవద్దు. సంవత్సరం లేనిది వెండి ధరకు వస్తే డిజైన్ కోసం కొనుక్కోండి. తక్కువ ఖర్చులో స్పష్టమైనది కావాలంటే 1925 తర్వాతివి వెతకండి.

సమస్య: కొత్త నాణెమే, కానీ బొమ్మలోని స్త్రీ బుగ్గ నిండా గాట్లు

మోర్గాన్ డాలర్లను వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లో కట్టి ఖజానాల్లో పడేశారు. ఒకదానికొకటి కొట్టుకుని పడ్డ గాట్లు అవి. చేయడానికేమీ లేదు. బుగ్గ శుభ్రంగా ఉన్నదాన్ని ఎంచుకోవడమే.

సమస్య: అసలుదా నకిలీదా అని టెన్షన్

ముందు తూకం. మోర్గాన్, పీస్ డాలర్లు 26.73 గ్రాములు, హాఫ్ డాలర్ 12.5, క్వార్టర్ 6.25, డైము 2.5. అరిగినది కాస్త తగ్గుతుంది. పెరిగిందంటే అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు.

బరువు సరిపోయినా నమ్మకం కుదరకపోతే డిజిటల్ త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా ముంచండి. డాలర్‌కి త్రాసు సుమారు 2.6 గ్రాములు చూపాలి. 26.73ని ఆ అంకెతో భాగిస్తే 10.3 దగ్గర్లో రావాలి. 8, 9 వస్తే అది వేరే లోహం.

వెండి అసలుదే అయినా మింట్ మార్కు (ఏ టంకశాలలో అచ్చయిందో చెప్పే అక్షరం) దొంగది కావచ్చు. 1916లో డెన్వర్‌లో అచ్చైన ‘మెర్క్యురీ’ అనే రకం డైములు 2,64,000 మాత్రమే. అందుకని మామూలు డైము మీద ‘డి’ అక్షరం అతికించి అమ్ముతారు. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చైన మోర్గాన్లు లక్షే, వాటికీ ఇదే బెడద. ఇలాంటివి పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీల్లో ఏదో ఒకటి సీల్ చేసినవే కొనండి. సీలు డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి. డబ్బా మీది నంబరును ఆ కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోతో పోల్చి చూడాలి.

సమస్య: లక్షల్లో అచ్చేశారంటారు, మరి దొరకదేం?

కారణం మన దేశం దాకా వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో ఇక్కడి జనం నోట్లు ఇచ్చి వెండి రూపాయలు అడగడంతో ప్రభుత్వం దగ్గర వెండి నిల్వలు పడిపోయాయి. 1918 ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో సుమారు 25.9 కోట్ల డాలర్ల వెండిని భారతదేశం కోసం బ్రిటన్ కొనుక్కుంది. మీ ఇంటి బీరువాలో 1918 తర్వాతి ఐదో జార్జి రూపాయి ఉంటే, అందులో ఒకప్పటి మోర్గాన్ వెండి ఉండే అవకాశం ఉంది. కరిగించినవి ఏ సంవత్సరానివో ఎవరూ లెక్క రాయలేదు. కరిగించినదానికి బదులు మళ్లీ అచ్చేయాలని అదే చట్టం చెప్పింది కాబట్టి 1921లో డాలర్లు కుప్పలుగా వచ్చాయి.

పరిష్కారం: ఎన్ని అచ్చేశారన్న అంకెను చూసి ధర ఊహించకండి. 1903లో న్యూ ఆర్లీన్స్ మోర్గాన్లు 44 లక్షలకు పైగా అచ్చయ్యాయి. అయినా దాదాపు అన్నీ కరిగిపోయాయనుకుని జనం విపరీతమైన ధర పెట్టేవారు. 1962లో ఖజానా నుంచి సంచులకు సంచులు బయటపడ్డాయి, ధర కుప్పకూలింది. మీరు కొనదలచిన సంవత్సరం, మింటు, గ్రేడు మూడూ కలిసిన నాణేలు ఈ మధ్య వేలాల్లో ఎన్ని వచ్చాయో, ఎంతకు పోయాయో చూశాకే బేరానికి దిగండి.